అరుణ మంచిదైపోయింది

జొన్నరొట్టె కొట్టేటప్పుడు చేతులు చూసుకోకూడదు. చూసుకుంటే లయ తప్పుతుంది, అంచు పగులుతుంది. పెళ్లయిన కొత్తలో అత్త ఈశ్వరమ్మ చెప్పిన మాట అది. అప్పటి నుంచీ అరుణ చూసుకోకుండానే కొడుతోంది. ఆ పొద్దున మాత్రం ఎందుకో చూసింది. రెండు చేతులు పిండి ముద్దను తిప్పుతున్నాయి, తడుతున్నాయి, ఎత్తి పెనం మీద వేస్తున్నాయి, పైన నీళ్లు అద్దుతున్నాయి. గాజులు తనవే. బొటనవేలి మీద మచ్చ కూడా తనదే. చేతులు మాత్రం ఎవరివో. ఎవరో ఒక ఆడమనిషి నిలబడి రొట్టెలు చేస్తుంటే, తాను ఆమె భుజం వెనక నిలబడి చూస్తున్నట్టుంది. పెనం అంచు మణికట్టుకు తగిలి చుర్రుమంది. అయ్యో, ఆమెకు కాలింది పాపం, అనుకుంది అరుణ.

అది ఆ పొద్దునే పుట్టుకొచ్చింది కాదు. అరుణ వికారాబాద్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. పొద్దున్నే తాండూరులో రైలెక్కుతుంది, పొద్దుగూకాక దిగుతుంది. దానికి అటూ ఇటూ ఉన్న వేళంతా ఇంటిదే. ఇంట్లో అత్త, బావ వెంకటేశం, తోటికోడలు ఇంద్రమ్మ, భర్త మహేష్, ఎనిమిదో తరగతి చదివే కూతురు హాసిని. అన్నదమ్ములిద్దరూ కలిసి ఊరి చివర బండలు పాలిష్ పట్టే మిషన్ నడుపుతారు. బండ నునుపు తేలాలంటే నీళ్లు పోస్తూ అరగదీయాలి. అరుణను మాత్రం ఆ ఇంట్లో నీళ్లు కూడా పోయకుండా అరగదీశారు. నిరుడు ఆమెకు సీనియర్ అసిస్టెంటుగా ప్రమోషన్ వచ్చింది, కొడంగల్‌కు వేశారు. వికారాబాద్ కన్నా కొడంగల్ దగ్గర. అయినా మహేష్ వద్దన్నాడు. రైల్లో కూర్చుంటే హాయిగా పోవచ్చట, బస్సులో తోసుకోవాలట. అసలు సంగతి నాలుగు రోజులకు బయటపడింది. సీటు పెద్దదైతే పనీ పెద్దదవుతుంది, ఇంటికి ఆలస్యమవుతుంది, రాత్రి వంట ఎవరు చూస్తారు అన్నాడు. ప్రమోషన్ వద్దని కాగితం తనే రాయించి తెచ్చాడు. అరుణ సంతకం పెట్టింది. ఆ కుర్చీ కార్తీక్‌కు పోయింది. ఫైలు ఎట్లా కట్టాలో అరుణ దగ్గర నేర్చుకున్న పిల్లాడతను. పోతూ పోతూ మేడమ్‌కు కాళ్లు మొక్కి మరీ పోయాడు. ఆ సాయంత్రం రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే కంది చేలు, బండల గుట్టలు, స్టేషన్లో మనుషులు అందరూ నాటకానికి కట్టిన తెర మీద బొమ్మల్లా కనిపించారు. నిద్ర చాలలేదేమో అనుకుంది. ఇంటికొచ్చి పడుకుంది. తెల్లారి లేచింది గానీ, లేచింది తాను కాదు.

ఇక అక్కడి నుంచి అరుణ మంచిదైపోయింది. అంతకు ముందు మంచిది కాదా అంటే, నోరున్న మనిషి. కూరలో ఉప్పు లేదంటే డబ్బా నీ పక్కనే ఉంది కదా అనేది. ఇప్పుడు ఆమె లేచి డబ్బా తెచ్చి పెడుతుంది. మహేష్ ముందు చెప్పకుండా మిషన్ దగ్గరి పనివాళ్లను పది మందిని టీకి తీసుకొస్తే పది కప్పులు కడుగుతుంది. ఆఫీసులో సార్, సన్మానానికి శాలువా, పండ్లు మీరే చూడాలమ్మా, లేడీస్‌కు తెలుస్తుంది కదా అంటే తలూపి బజారుకు పోతుంది. చేసేది ఆమె, చూసేది తాను. కోపం రావాలంటే కోపపడే మనిషి లోపల ఉండాలి కదా. వచ్చిన చుట్టాలందరికీ ఈశ్వరమ్మ చెప్పుకుంది, మా చిన్న కోడలు ఈ మధ్య బంగారమైందని. మహేష్ ఒకనాడు అన్నం తింటూ తృప్తిగా అన్నాడు: "గిప్పుడు జర మనిషివైనవ్." అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు. ఈ ఇంట్లో తాను లేని కోడలు ఉత్తమురాలైంది.

దసరాకు ఈశ్వరమ్మ తన పెట్టెలోంచి పాత పట్టుచీర తీసి ఇచ్చింది. ఎన్నేళ్లుగానో అరుణ కన్ను ఉన్న చీర అది. ఆమె కట్టుకుని అందరికీ మొక్కుతుంటే, వెనక నుంచి చూస్తున్న అరుణకు కడుపులో సన్నగా కుళ్లు పుట్టింది. ఇన్నేళ్లు చాకిరీ చేసి, మాటలు పడి, ఏడ్చి మొత్తుకున్నది తాను. మొన్న మొన్న వచ్చి మాట్లాడకుండా రొట్టెలు కొట్టినందుకు చీర ఆమెకా? అనుకున్నాక తనకే భయమేసింది. తన మీద తానే కుళ్లుకునే ఆడది లోకంలో ఉంటుందా? ఆకలి పోయింది, నవ్వు పోయింది, బిడ్డను చూస్తే వచ్చే ముద్దు కూడా ఎటో పోయింది. ఈ ఒక్క దిక్కుమాలిన గుణం మాత్రం పోలేదు.

ఆ గుణానికి అసలు మేత తోటికోడలి దగ్గర ఉంది. ఇంద్రమ్మ పుట్టిల్లు సరిహద్దు అవతల, సేడం వైపు. మామూలప్పుడు నోట్లో నాలుక లేని మనిషి. మొగుడు అరిస్తే కొంగు నోట్లో కుక్కుకుని బియ్యం ఏరుకునే రకం. కానీ ఏడాదికి రెండు మూడు సార్లు ఎల్లమ్మ ఆమె ఒంటి మీదికి వస్తుంది. అప్పుడు జుట్టు విరబోసుకుని శిగమూగుతుంది. సగం తెలుగు, సగం కన్నడం కలిపి వెంకటేశాన్ని ఒరే అని పిలుస్తుంది. అంత పెద్దమనిషీ సాగిలపడి లెంపలు వేసుకుంటాడు. వంటింటికి కిటికీ పెట్టించమని ఇంద్రమ్మ ఏళ్ల తరబడి అడిగితే ఎవరి చెవికీ ఎక్కలేదు. ఎల్లమ్మ ఒక్కసారి, నాకు ఈడ ఊపిరాడతలేదురా అంది. తెల్లారేసరికి మేస్త్రీ వచ్చి గోడ పగలగొట్టాడు. శిగం దిగాక ఇంద్రమ్మ రెండు రోజులు చాప మీద పడుకుంటుంది. నిమ్మకాయ నీళ్లంటారు, వేడిపాలంటారు, ఎవరూ చప్పుడు చేయొద్దంటారు. ఆ రెండు రోజులు ఆమె పని కూడా అరుణే చేస్తుంది. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఇంద్రమ్మ పాపం నవ్వను కూడా నవ్వదు. అయినా అరుణ మంటంతా ఆమె మీదే. ఒంట్లోకి ఒకరొస్తే ఊరంతా మొక్కుతారు, ఒంట్లో ఉన్నది బయటికి పోతే ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు, ఇదెక్కడి న్యాయం అని మనసులో అత్తను, మొగుణ్ని, చివరికి ఎల్లమ్మను కూడా అడిగింది.

ఒక సాయంత్రం హాసిని బడి నుంచి ఏడుస్తూ వచ్చింది. స్నేహితురాళ్లు ముగ్గురూ కలిసి తనను డాన్సులోంచి తీసేశారు. అరుణ దగ్గరికి తీసుకుంది, వీపు నిమిరింది, బాధపడకు బిడ్డా, వాళ్లే వచ్చి మాట్లాడుతారు అంది. అనవలసినవన్నీ వరసగా అంది. హాసిని ఏడుపు ఆపి, తలెత్తి తల్లి మొహంలోకి చాలాసేపు చూసింది.

"నువ్వు అమ్మ లెక్క మాట్లాడుతున్నవ్," అంది.

"మరి అమ్మనే గదనే."

"కాదు. అమ్మ లెక్క."

చేతులు విడిపించుకుని పెద్దమ్మ గదిలోకి పోయింది. కాసేపటికి అరుణ అటుగా వెళ్తే తలుపు ఓరగా ఉంది. ఇంద్రమ్మ ఒక్క మాటా మాట్లాడడం లేదు. పిల్ల తలను ఒళ్లో పెట్టుకుని నూనె రాస్తోంది. హాసిని వెక్కిళ్లు పెట్టి ఏడుస్తోంది, ముక్కు పెద్దమ్మ కొంగుకే తుడుచుకుంటోంది. అరుణకు కడుపులోంచి గొంతు దాకా భగ్గుమంది. కొంగు తనది కావాలి. ఆ ముక్కు తుడుపు తన కొంగుకు కావాలి. ఈ మంట వెనక నుంచి చూస్తున్నది కాదు, వేరే ఆడమనిషికి అయింది కాదు. ఇట్లాగే ఉంటే బిడ్డ ఇక తన దగ్గరికి రాదు. వచ్చినా, వచ్చిందని తనకు తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసులో ఒంట్లో బాగాలేదని చెప్పి, స్టేషన్ నుంచి వస్తూ రోజూ ఆటోలోంచి చూసే మానసిక వైద్యురాలి బోర్డు దగ్గర దిగింది. ఎవరైనా చూస్తారేమోనని కొంగు తల మీద కప్పుకుని మెట్లెక్కింది. డాక్టరమ్మ ఆమె చెప్పిందంతా విని, మధ్యలో ఒక్కసారి కూడా ఆశ్చర్యపోలేదు. అరుణకు అది కాస్త చిన్నతనంగా కూడా అనిపించింది. ఇంత వింత జబ్బు లోకంలో తనకొక్కదానికే ఉందనుకుంది. దీనికి పేరుందని, ఇది చాలామందికి వస్తుందని, చెప్పుకోవడానికి భయపడి లోపలే ఉంచుకుంటారని డాక్టరమ్మ చెప్పింది. పిచ్చి పడుతుందా అని అరుణ అడిగింది.

"చేతులు నావి కావు అని మీరు నాతో వాదించడం లేదు. కానట్టుంది అంటున్నారు. అట్లా అంటున్నంత వరకు మీ తెలివి మీ దగ్గరే ఉంది. ఇంటికి కరెంటు ఎక్కువొస్తే ఫ్యూజు పోతుంది చూడండి, ఇల్లు కాలిపోకుండా. మీ మనసు చేసింది అదే. మోయలేనంత వచ్చినప్పుడు మిమ్మల్ని కాపాడాలని తీసేసింది, మళ్లీ పెట్టడం మరిచిపోయింది."

కంటినిండా నిద్రపొమ్మంది. బెంగ తగ్గడానికి గోలీలు రాసింది. వచ్చిందా పోయిందా అని గంటకోసారి చూసుకోవద్దంది, పుండును గోకితే మానుతుందా అంది. తేలిపోతున్నట్టనిపిస్తే అరికాళ్లు నేలకు ఆనించమంది, చల్లటి చెంబు పట్టుకోమంది, నోట్లో పుల్లనిదో చేదుదో వేసుకోమంది. తర్వాత, ఈ మధ్య ఏదైనా ఇది నాదే అని గట్టిగా అనిపించిందా అని అడిగింది. అరుణ తల వంచుకుంది. మంచి మాట ఏదైనా ఉంటే బాగుండుననుకుంది, కానీ లేదు. తోటికోడలిని చూస్తే కుళ్లు వస్తుందని చెప్పింది. డాక్టరమ్మ నవ్వలేదు, ఛీ అనలేదు.

"ఆ కుళ్లు ఎవరిది?"

"నాదే."

"అయితే దాన్ని వదలకండి. ఇంట్లోకి దారి ఇప్పటికి అదొక్కటే తెరిచి ఉంది."

వెంటనే ఏమీ కాలేదు. వారాలు అట్లాగే గడిచాయి. ఒకరోజు వికారాబాద్ ప్లాట్‌ఫాం మీద సీతాఫలం కొనుక్కుని, నిలబడే తింటుంటే, ఉన్నట్టుండి తీపి నోటికి తగిలింది. అంత తీపా అని కళ్లలో నీళ్లు తిరిగాయి. రైలెక్కేసరికి మళ్లీ అంతా తెర మీది బొమ్మే. పోనీలే అనుకుంది, వచ్చిన దారి తెలుసు కదా. పది రోజులకు పెనం తగిలి అబ్బా అని అరిచింది. ఇంట్లో అందరూ తిరిగి చూశారు, కాలిందని కాదు, అరిచిందని. ఇంకొన్నాళ్లకు హాసిని చెప్పిన ఏదో పిచ్చి జోకుకు నవ్వు ముందొచ్చేసింది, నవ్వానని తర్వాత తెలిసింది. హాసిని తల్లి బుగ్గ పట్టుకుని లాగి చూసింది. అరుణ ఎంత వెనక్కి వస్తే అంత చెడ్డదయింది. ఉప్పు డబ్బా నీ పక్కనే ఉంది అన్న మాట మళ్లీ వచ్చింది. శాలువా, పండ్లు ఈసారి మీరే తెచ్చుకోండి సార్ అన్న మాట కూడా వచ్చింది. బంగారం లాంటి కోడలికి ఏం రోగమొచ్చిందని ఈశ్వరమ్మ వాపోయింది.

రోగం ఏమిటో మహేష్ కనిపెట్టాడు. చిల్లర కోసం హ్యాండుబ్యాగు వెతికితే గోలీలు దొరికాయి. పిచ్చి డాక్టర్ దగ్గరికి పోతున్నావా, మార్కెట్లో తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి అని అరిచాడు. ఇంట్లో పంచాయితీ పెట్టారు. అసలు నీకేమైందో చెప్పమని ఈశ్వరమ్మ అడిగింది. దాచి లాభం లేదని అరుణ చెప్పింది, నా ఒంట్లో నేను లేనట్టుంటుంది అత్తమ్మా అని. ఈశ్వరమ్మ మొహం మెల్లగా విప్పారింది.

"నీ ఒంట్ల నువ్వు లేవంటే, ఇంకెవరో ఉన్నట్టే గదా బిడ్డా. ఎల్లమ్మ నీ మీదికి రావాలని చూస్తున్నది. దారియ్యక పరేషాన్ అయితున్నవ్."

ఆ మాటతో ఇల్లు ఇల్లంతా తేలికపడింది. పిచ్చి అంటే పరువు పోతుంది, అమ్మవారంటే పెరుగుతుంది. ఒకే ఇంట్లో ఇద్దరు కోడళ్ల మీదికి ఎల్లమ్మ వస్తుందంటే మాటలా? అమ్మవారిని పిలవడానికి శ్రావణంలో మంగళవారం మంచిదన్నారు. ఎల్లమ్మ కథ చెప్పి శిగం తెప్పించే బైండ్లాయనకు కబురు పోయింది. ఆ రోజు నుంచి అరుణ ముందు ఎవరూ గొంతు పెంచలేదు. టీ తాగిన కప్పు మహేష్ తనే తీసుకుపోయి కడిగాడు. అరుణ కాదని చెప్పాలనుకుంది, రేపు చెబుదామనుకుంది. నిజం చెప్పొద్దూ, ఆమెకు అది బాగుంది. ఇన్నేళ్లు ఇంద్రమ్మ ఒక్కతే తిన్న భోగం ఇది, నేనూ కొన్నాళ్లు తింటే ఏం పోయింది అనుకుంది.

మంగళవారం వాకిట్లో రంగుపొడులతో అమ్మవారి ముగ్గు, పట్నం వేశారు. అరుణకు తలంటి, పసుపు చీర కట్టించి, జుట్టు విప్పి, చేతిలో వేపమండ పెట్టి పీట మీద కూర్చోబెట్టారు. ఈశ్వరమ్మ వంగి కోడలి పాదాలకు పసుపు రాసింది. వీధిలోవాళ్లంతా చేరారు. ఇంద్రమ్మ వెనక వరసలో నిలబడింది. బైండ్లాయన జమిడిక మోగిస్తూ ఎల్లమ్మ కథ అందుకున్నాడు. ఎదురుగా మహేష్ చేతులు జోడించి నిలబడ్డాడు. పెళ్లినాడు కూడా అతని మొహంలో అంత భయభక్తులు లేవు.

ఎంత సులువు, అనుకుంది అరుణ. నాలుగు సార్లు తల తిప్పితే చాలు. ఎల్లమ్మ కొడంగల్ పొమ్మంటే వద్దనే మగాడు ఆ ఇంట్లో లేడు. జమిడిక మోత పెరిగింది. మెల్లగా ఆ మోత దూరం జరిగింది. మనుషులు తెర మీద బొమ్మలయ్యారు. పీట మీద కూర్చున్న ఆడమనిషి వీపు కనబడటం మొదలైంది. ఈ దారి తనకు అలవాటే. ఇంకాస్త వదిలేస్తే ఆమె ఊగుతుంది, ఆమె అడుగుతుంది, అందరూ ఆమెకు మొక్కుతారు. అప్పుడు లేచింది కడుపులో మంట. మళ్లీ ఆమెకేనా? పట్టుచీర ఆమెకు, మంచిపేరు ఆమెకు, ఇప్పుడు కొడంగల్ కూడా ఎవరి పేరు మీదనో రావాలా? నాకేం మిగులుతుంది? ఇన్నాళ్లు ఇంద్రమ్మను చూసి కుళ్లుకున్న కుళ్లంతా ఇప్పుడు పీట మీది మనిషి మీదికి మళ్లింది. ఇవ్వను అనుకుంది. అరికాళ్లు నేలకు అదిమింది. వాకిట్లో బండ ఎండకు కాలుతోంది. వేపాకు కొరికి నమిలింది. చేదు గొంతు దాకా దిగింది. ఆ చేదు తనదే.

ఆమె నోరు కదలడం చూసి బైండ్లాయన జమిడిక ఆపాడు. శిగం వచ్చినవాళ్లను అడిగే మాటే అడిగాడు.

"ఎవరు తల్లీ నువ్వు?"

"అరుణను."

ఆయన ఇన్నేళ్లలో ఆ జవాబు విని ఉండడు. ఇంకా రాలేదనుకుని మళ్లీ గట్టిగా వాయించాడు, మళ్లీ అడిగాడు.

"అరుణనే," అంది ఆమె. "అమ్మవారు రాలే. నేనే వచ్చిన."

మహేష్ జోడించిన చేతులు కిందికి దిగాయి. మెల్లగా, రెండూ ఒకేసారి దిగాయి. ఎవరు ఏమన్నా మరిచిపోతుందేమో గానీ, ఆ చేతులు దిగడం మాత్రం అరుణ మరిచిపోదు. అవి పూర్తిగా దిగేదాకా చూసి, అప్పుడు చెప్పింది. డాక్టర్ దగ్గరికి పోవడం మానదు, దాచిపెట్టి పోదు. ఈసారి ప్రమోషన్ లిస్టులో పేరొస్తే కొడంగల్ పోతుంది, పోనని కాగితం ఎవరు రాసి తెచ్చినా సంతకం పెట్టదు. ఆఫీసు ఉన్న రోజు పొద్దున రొట్టెలు ఇంకెవరైనా కొట్టాలి. వీధిలోవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. హాసిని వచ్చి తల్లి భుజానికి ఆనుకుని నిలబడింది. ఈశ్వరమ్మ నుదురు కొట్టుకుంది.

"మొన్నటిదాంక ఎంత మంచిగుంటివి బిడ్డా. ఎవరి దిష్టి తగిలిందో ఏమో."

"మొన్నటిదాంక నేను లేకుంటి అత్తమ్మా."

జనం గొణుక్కుంటూ కదిలారు. మహేష్ ఎవరివైపూ చూడకుండా బండి తీసుకుని మిషన్ దగ్గరికి పోయాడు. వండిన అన్నం ఆగినవాళ్లకు ఎట్లాగూ పెట్టాలి కాబట్టి ఈశ్వరమ్మ లోపలికి నడిచింది. అరుణ పెరట్లో బోరింగు దగ్గర పసుపు కడుక్కుంటుంటే ఇంద్రమ్మ వచ్చింది. అడగకుండానే చెంబుతో నీళ్లు పోసింది. మొహంలోకి చూడకుండా, పెదవి బిగించి పోస్తోంది. ఆ బిగింపు ఏమిటో అరుణకు ఒకరు చెప్పనక్కరలేదు. ఇన్నేళ్లు అద్దంలో చూసుకున్నదే.

"అందరు నా కాళ్లు మొక్కుతరు," అంది ఇంద్రమ్మ చెంబులోకి చూస్తూ. "లేచినంక నాకు ఏం యాదుండదు. అడిగింది నేను గాదు, ఇచ్చింది నాకు గాదు. నీకేం చెల్లె, నువ్వు నీ పేరు మీద అడిగినవ్."